తహసీల్దారు గోపన్న – భక్త రామదాసు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి పంపమని కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు నేను ఎక్కువ వెతుక్కోలేదు. మన మరిపెడ బంగ్లా దగ్గర రోడ్డు మీద నిలబడితే ఖమ్మం పోయే బస్సులు కనబడుతూనే ఉంటాయి. ఖమ్మం దాటి ఇంకొంత దూరం పోతే నేలకొండపల్లి వస్తుంది. కంచెర్ల గోపన్న పుట్టిన ఊరు అదే. లోకం ఆయనను భక్త రామదాసుగా ఎరుగును. మనకు మాత్రం ఇంకొక చుట్టరికం కూడా ఉంది. ఆయన మన వాడు, అంటే రెవెన్యూ ఉద్యోగి. సర్కారు లెక్కలు వ్రాసినవాడు, ఆ లెక్కలు తేలక జైలుకు పోయినవాడు.

రామదాసు కథ హరికథల్లో విన్నాము, 1964లో నాగయ్య గారు తీసిన సినిమాలో చూశాము, 2006లో వచ్చిన సినిమాను మన మనవలతో కూర్చుని చూశాము. తెలిసిన కథే మళ్ళీ ఎందుకంటే, అందులో ఒక ప్రశ్న నలభై ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. దెబ్బలకు ఓర్చుకోలేక నోరు జారిన మనిషి గొప్పతనం తగ్గుతుందా? ఈ ప్రశ్న నాకు గుడిలో రాలేదు, కచేరీలో వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు గోపన్న జీవితం.

పుట్టుక, కొలువు

గోపన్న తల్లిదండ్రులు కామాంబ, లింగన్న. నియోగి బ్రాహ్మణులు, కరణీకము, లెక్కలు తెలిసిన కుటుంబం. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ కుతుబ్‌షాహీల పాలన సాగుతున్న రోజులవి. రఘునాథ భట్టాచార్యుల వద్ద ఆయన విద్య నేర్చాడని పెద్దలు చెబుతారు. కబీరుదాసు వచ్చి రామతారకం ఉపదేశించాడని కూడా కథ ఉన్నది. కబీరు పదిహేనవ శతాబ్దం వాడు కనుక ఆ మార్గంలోని సాధువు ఎవరైనా అయి ఉండవచ్చునని అనుకోవాలి. ఏది ఏమైనా గోపన్న మనస్సు చిన్ననాటి నుండి రాముని మీదనే నిలిచింది.

1672లో అబుల్ హసన్ తానీషా గోలకొండ గద్దెనెక్కాడు. ఆయన కొలువులో అక్కన్న మాదన్నలనే అన్నదమ్ములు పెద్ద అధికారంలోకి వచ్చారు. మాదన్న మంత్రి అయ్యాడు. వీరు గోపన్నకు మేనమామలని సంప్రదాయం. వారి మాట సాయంతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం దొరికింది. శిస్తు వసూలు చేయడం, లెక్క వ్రాయడం, సొమ్ము గోలకొండ ఖజానాకు పంపడం ఆయన పని. చూడబోతే మనం చేసిన పనికీ దానికీ పెద్ద తేడా లేదు. జమాబందీ పేరు మారింది, ఫారాలు మారాయి, అంతే.

గుడి, సర్కారు సొమ్ము

ఆ పరగణాలోనే గోదావరి ఒడ్డున భద్రాచలం ఉన్నది. అక్కడ పోకల దమ్మక్క అనే భక్తురాలికి పుట్టలో రాముని విగ్రహాలు దొరికాయనీ, ఆమె తాటాకు పందిరి వేసి పండో ఫలమో నివేదన చేస్తూ వచ్చిందనీ స్థలపురాణం. గోపన్న తహసీల్దారుగా వచ్చి ఆ పందిరిని చూశాడు. అంతటి దేవునికి ఇంతటి పందిరి ఏమిటని ఆయన మనస్సు కలుక్కుమన్నది. గుడి కట్టాలని నిశ్చయించుకున్నాడు.

చందాలు వచ్చాయి, చాలలేదు. అప్పుడు ఆయన వసూలైన శిస్తు మీద చేయి వేశాడు. పంట చేతికి రాగానే రైతులు ఇచ్చుకుంటారు, సర్దివేయవచ్చు అని తలచాడని కొందరు చెబుతారు. గుడి లేచింది, ప్రాకారం లేచింది, మండపాలు లేచాయి. శిఖరం మీది సుదర్శన చక్రం గోదావరిలో దొరికిందని ప్రతీతి. దేవతామూర్తులకు నగలు చేయించాడు. మొత్తం ఆరు లక్షల వరహాలు ఖర్చయిందని జనంలో నిలిచిపోయిన లెక్క.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు ఉప్పు తిన్నవాడిగా నాకు ఇది తప్పుగానే కనబడుతుంది. మంజూరు లేకుండా ఖజానా సొమ్ము ఇంకొక పద్దుకు మళ్ళిస్తే, అది గుడికైనా బడికైనా, దానిని దుర్వినియోగమనే అంటారు. మన కాలంలోనైతే చార్జిమెమో, సస్పెన్షన్, రికవరీ తప్పవు. గోపన్న ఒక్క వరహా తన ఇంటికి పట్టుకుపోలేదు. అందుకే ఆయన దొంగ కాడు. కానీ లెక్కకు జవాబుదారీ ఆయనే. ఆ జవాబుదారీతనం నుండి ఆయన పారిపోలేదు. గోదావరి దాటితే అడవులు, కొండలు, వేరే రాజ్యాలు. పోయి దాక్కోవచ్చు. ఆయన పోలేదు.

బందిఖానా

గోలకొండ నుండి పిలుపు వచ్చింది. గోపన్నను పట్టుకుపోయి కోటలో ఖైదు చేశారు. మేనమామ మంత్రిగా ఉండి కూడా ఎందుకు విడిపించలేదని చాలామంది అడుగుతారు. సర్వీసు చేసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఉద్యోగం ఇప్పించడానికి సిఫార్సు పనికివస్తుంది, ఖజానాలో సొమ్ము తక్కువైనప్పుడు ఏ సిఫార్సూ పనిచేయదు. పైగా మాదన్నకు దర్బారులో శత్రువులు తక్కువ లేరు.

గోలకొండ కోట చూడబోయినవారికి ఇప్పటికీ రామదాసు బందిఖానాను చూపిస్తారు. నేను కూడా ఒకసారి పిల్లలతో పోయి చూశాను. పెద్ద చీకటి గది. పైనుండి కొంచెం వెలుగు పడుతుంది. గోడ మీద సీతారామ లక్ష్మణుల, హనుమంతుని రూపాలు చెక్కి ఉన్నాయి. అవి ఖైదీ చెక్కినవే అంటారు. ఆయన అక్కడ పన్నెండేళ్ళు ఉన్నాడని లోకం నమ్ముతున్నది. తానీషా ఏలినది మొత్తం పదిహేనేళ్ళే కనుక చరిత్రకారులు అందరూ ఆ లెక్కను ఒప్పుకోరు. ఆ చీకటిలో పదినిమిషాలు నిలబడిన నాకు పన్నెండు నెలలైనా పన్నెండేళ్ళ పెట్టే అనిపించింది.

సొమ్ము ఎక్కడ దాచావో చెప్పమని కొరడాలతో కొట్టారని, సంకెళ్ళు వేశారని కథలన్నీ చెబుతున్నాయి. ఇది తానీషా ఒక్కడి దుర్మార్గమని అనుకోవద్దు. బాకీదారుణ్ణి హింసించి శిస్తు రాబట్టడం ఆ కాలపు పద్ధతి, తరువాత కాలపు పద్ధతి కూడా. సుమారు రెండు వందల ఏళ్ళ తరువాత, కంపెనీ దొరల మద్రాసు రాజధానిలో రైతులను శిస్తు కోసం హింసిస్తున్నారని గొడవ లేచి, ఒక కమిషను వేసి 1855లో నివేదిక తెప్పించుకోవలసి వచ్చింది. వేళ్ళను నొక్కే కిట్టి, మెడను కాళ్ళకు వంచి కట్టే శిక్ష అందులోకి ఎక్కాయి. రాజు ఏ మతం వాడైనా, దొర ఏ దేశం వాడైనా, దెబ్బ తినేవాడి వీపు ఒక్కటే.

దెబ్బలు పలికించిన మాటలు

ఆ చీకటిలో నుండే కీర్తనలు పుట్టాయి. అందులో ఒకటి మీకందరికీ నోటికి వచ్చినదే. కనుక మాటలు ఎత్తి వ్రాయను, భావం చెబుతాను. రాముడి తమ్ముళ్ళకు ఏ నగ చేయించాడో, సీతమ్మకు ఏ పతకం చేయించాడో, స్వామికి తురాయి ఎలా చేయించాడో, దేనికి ఎన్ని వేలు పట్టిందో వరుసగా చెబుతాడు. మొదటిసారి శ్రద్ధగా విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. అచ్చం ఆడిట్ అభ్యంతరానికి పద్దుల వారీగా వ్రాసిన జవాబులా ఉంటుంది. ఖైదులో కూడా తహసీల్దారు తహసీల్దారే.

కానీ జవాబు జవాబుగా ఉండిపోలేదు. మధ్యలో గొంతు మారింది. ఎవరి సొమ్మని ఇన్ని నగలు పెట్టుకుని కులుకుతున్నావని స్వామిని నిలదీశాడు. తండ్రి ఇచ్చాడా, మామ ఇచ్చాడా అని ఎత్తిపొడిచాడు. ఏ దేవుడి కోసం సర్వస్వం పోగొట్టుకున్నాడో ఆ దేవుణ్ణే తిట్టాడు. భక్తుడికి ఇంతకంటె పతనం ఏమున్నది? సిపాయి తన జెండాను తానే కింద పడవేసినట్లు.

వెంటనే అదే పాటలో చేతులు జోడించాడు. తిట్టానని కోపగించవద్దు, దెబ్బలకు ఓర్వలేక అన్న మాటలని విన్నవించుకున్నాడు. ఆ ఒక్క విన్నపంలో ఎంత నిజాయితీ ఉన్నదో చూడండి. తాను తిట్టలేదని బుకాయించలేదు. తిట్టడం న్యాయమేనని వాదించలేదు. అన్నాను, దెబ్బలు అనిపించాయి, క్షమించు అన్నాడు. ఇంకొక కీర్తనలో సీతమ్మ తల్లిని తన తరఫున ఒక మాట చెప్పమని బ్రతిమాలుకున్నాడు. అయ్యగారు వినకపోతే అమ్మగారికి మొర పెట్టుకునే సామాన్య మనిషి తీరు అది.

తరువాతి తరాలు ఏం చేశాయి? తిట్టిన పాటను దాచిపెట్టలేదు. గుడిలోనే, ఆ స్వామి ఎదుటే, పొగడిన పాటలతో సమానంగా పాడుతున్నారు. దాశరథీ శతకం చదివిన నోటితోనే ఆ పాటా పాడుతున్నారు. తంజావూరు సీమలో పుట్టిన త్యాగరాజస్వామి అంతటివారు తమ కృతుల్లో రామదాసును తలచుకున్నారు. తెలుగువారు ఏ సభా పెట్టకుండా, ఏ తీర్మానమూ చేయకుండా, ఆ ప్రశ్నకు తమ తీర్పు ఇచ్చేశారని నాకు అనిపిస్తుంది.

ఒక చిలుక కథ కూడా ఉన్నది. గోపన్న వెనుకటి జన్మలో ఒక చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో పెట్టాడనీ, ఆ ఫలమే ఈ చెర అనీ. మంచివాడు ఊరికే బాధపడ్డాడంటే మనస్సు ఒప్పక జనం అల్లుకున్న కథ అయి ఉంటుంది. చిన్నప్పుడు మా నాయనమ్మ చెబితే నమ్మాను. ఇప్పుడు కొట్టిన చేతిని వదిలి చిలుకను పట్టుకోవడం ఎందుకని అనిపిస్తుంది.

విడుదల, ఆ తరువాత

ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షలు లెక్కగా చెల్లించి రసీదు తీసుకుపోయారనీ, వారే రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వచ్చిన రామలక్ష్మణులనీ భక్తుల విశ్వాసం. రసీదు అడిగి తీసుకున్నారన్న ముక్క నాకు చాలా ఇష్టం. సొమ్ము కట్టి రసీదు తీసుకోనివాడు దేవుడైనా ఇబ్బంది పడతాడు మరి! గోపన్న విడుదలై భద్రాచలం చేరి మిగిలిన జీవితం స్వామి సేవలో గడిపాడు. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపడం తానీషా నాటి నుండి వస్తున్న ఆచారమని చెబుతారు. ఇప్పటికీ ప్రభుత్వం తరఫున అవి భద్రాచలం పోతూనే ఉన్నాయి.

కొట్టించిన రాజ్యం ఎక్కువ కాలం నిలవలేదు. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండ వీధిలో హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు సేన కోటను ఎనిమిది నెలలు ముట్టడించింది. చివరకు అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తీసుకుని రాత్రివేళ కోట తలుపు తీయించాడు. అదే రాత్రి అబ్దుర్ రజాక్ లారీ అనే సేనాని ఒంటి నిండా గాయాలతో చివరిదాకా పోరాడి పడిపోయాడు. శత్రువైన ఔరంగజేబు కూడా అతనికి వైద్యం చేయించాడు. తానీషాను పట్టుకుపోయి దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు. మళ్ళీ బయటికి రాకుండా అక్కడే కన్నుమూశాడు.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. లారీ దెబ్బలు తిని లొంగలేదు, వీరుడు. పనీ ఒక్క దెబ్బ తినకుండా తలుపు తీశాడు, ద్రోహి. మరి గోపన్న? దెబ్బలు తిని మాట తూలాడు. ఆయన్ను పనీ పక్కన ఎవరైనా నిలబెడతారా? నోరు జారడం ఒకటే చూస్తే ఇద్దరూ ఒకటిగా కనబడవచ్చు. వెల పుచ్చుకుని చేసినదీ, ఒళ్ళు చీలి చేసినదీ ఒకటి కావు. మన సాక్ష్య చట్టం 1872 నుండి ఇదే చెబుతున్నది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది నేరం రుజువుకు పనికిరాదు, బెదిరించి చెప్పించినది చెల్లదు. 2024 జులై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది, ఈ సూత్రం మాత్రం మారలేదు. ఆ మాట మనిషిది కాదు, దెబ్బది.

ఇతర దేశాల సైనికులకూ ఇదే చిక్కు వచ్చింది. వియత్నాం యుద్ధంలో హనోయి జైలులో ఉన్న అమెరికా పైలట్లలో జాన్ మెక్కెయిన్ ఒకడు. 1967లో పట్టుబడి, 1968లో వరుసగా కొడుతూ ఉంటే తట్టుకోలేక తాను నేరస్థుణ్ణని కాగితం మీద సంతకం చేశాడు. 1973లో విడుదలై వచ్చిన తరువాత ఆ సంగతి దాచలేదు, తన పుస్తకంలో తానే వ్రాశాడు. దేశం అతన్ని సెనేటరుగా ఎన్నుకుంది, 2008లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఆ జైలులో ఖైదీలు గోడల మీద వేళ్ళతో తట్టి మాట్లాడుకునేవారట. విరిగిపోయి గదికి తిరిగి వచ్చినవాడికి పక్క గదుల వారు గోడ తట్టి ధైర్యం చెప్పేవారట. తోటి ఖైదీకి ఉన్న దయ బయటివాడికి ఉండదు.

నేను చూసిన ఒక దరఖాస్తు

ఇప్పుడు కచేరీ సంగతి. 1980 తరువాతి మాట. అప్పుడు నేను ఒక తాలూకా కచేరీలో జూనియర్ అసిస్టెంటును. నిజాం వ్యతిరేక పోరాటంలో జైలుకు పోయినవారు సమరయోధుల పెన్షను కోసం వచ్చేవారు. జైలు రికార్డు దొరకనివారికి సహఖైదీల ధ్రువపత్రం కావలసి వచ్చేది. ఒకరోజు ఇద్దరు ముసలివారు కలిసి వచ్చారు. ఒకాయన కుంటుతూ నడుస్తున్నాడు. ఆయన కాగితాలు వ్రాయడం అయిపోయింది. తరువాత తన పక్కనున్న మనిషి దరఖాస్తు కూడా వ్రాయమని, సహఖైదీగా తానే సంతకం చేస్తానని చెప్పాడు.

ఆ రెండవ ఆయన తన పేరు వ్రాయవద్దని చేయి అడ్డం పెట్టాడు. నేను కారణం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. 1947 చివర తనను పట్టుకుని మూడు రోజులు కొట్టారట. మూడవ రోజు, తోటివాడు పడుకునే ఇల్లు ఏదో చెప్పేశాడట. ఆ తోటివాడు ఈ కుంటి ఆయనే. కాలు విరిగినది ఆ రాత్రే. ఇద్దరూ పోలీసు చర్య దాకా ఒకే జైలులో ఉన్నారు.

కుంటి ఆయన కోప్పడ్డాడు. కొట్టినవాణ్ణి వదిలిపెట్టి నిన్ను నువ్వు కొట్టుకుంటావేమిరా అని మందలించాడు. మూడవ రోజు దాకా చెప్పనందునే మిగతావారంతా అడవిలోకి తప్పించుకున్నారని నాకు వివరించాడు. తాను మాత్రం జ్వరంతో కదలలేక ఇంటిలోనే ఉండిపోయాడట. నేను దరఖాస్తు వ్రాశాను. అది బల్ల మీద పెట్టాను. ఆ పెద్దమనిషి చదివించుకుని విన్నాడు, వేలిముద్ర వేయలేదు. దండం పెట్టి లేచిపోయాడు. ఆ తరువాత కూడా వేయలేదు. పెన్షను లేకుండానే పోయాడు.

అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. ఆయన చేసినది సరే అనుకున్నాను, తప్పు చేసినవాడు పెన్షను తీసుకోకపోవడమే మర్యాద అని తలచాను. ఆయనకు గట్టిగా నచ్చచెప్పలేదు. ఇప్పుడు ఆ సంగతి తలచుకుంటే సిగ్గు వేస్తుంది. కాలు విరిగినవాడు క్షమించాడు, ఏ దెబ్బా తినని నేను మనస్సులో తీర్పు చెప్పాను.

రామదాసు కథకూ దీనికీ తేడా ఉన్నదని నాకు తెలుసు. రామదాసు తిట్టినది దేవుణ్ణి, దానివల్ల ఎవరి కాలూ విరగలేదు. ఈ పెద్దమనిషి మాట వల్ల ఒక మనిషి కుంటివాడయ్యాడు. ఆ బాకీ లేదని నేను అనను. ఆయన కూడా అనలేదు. కానీ బాకీ ఉన్నవాడు వీరుడు కాకుండా పోడు. గోపన్నకు కూడా ఆరు లక్షల బాకీ ఉన్నది, అయినా ఆయన రామదాసే. మనిషిని కొలవవలసింది చేతులు స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఏం చేశాడో, దెబ్బలు ఆగిన తరువాత ఏం చేశాడో చూసి. గోపన్న గుడి కట్టినది స్వేచ్ఛగా, చేతులు జోడించినది తనంతట తాను. ఆ పెద్దమనిషి పోరాటానికి పోయినది స్వేచ్ఛగా, బ్రతికినంత కాలం నిజం దాచనిది తనంతట తాను. నడుమ వచ్చిన మాటలు కొరడా పలికినవి.

పోయిన సంవత్సరం నేలకొండపల్లి పోయి ధ్యానమందిరంలో కాసేపు కూర్చున్నాను. ఎవరో భజన పాడుతున్నారు. నగల లెక్కల పాట వచ్చింది. తిట్టే చరణం దగ్గర ఆడవాళ్ళు చిన్నగా నవ్వారు, వేడుకునే చోట కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆ బల్ల మీది కాగితం గుర్తుకు వచ్చింది. ఆ రోజు మళ్ళీ వస్తే, ఆ పెద్దమనిషి ఊరికి నేనే నడిచిపోయి, ఇంకు డబ్బా ముందు పెట్టి, వేలిముద్ర వేసేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి.

మీ ఊళ్ళల్లో, మీ ఇళ్ళల్లో ఇటువంటి పెద్దలు ఉండి ఉంటారు. వారి మౌనాన్ని తప్పుగా అర్థం చేసుకోవద్దని పిల్లలకు చెప్పండి. స్వామి అందరినీ చల్లగా చూచుగాక.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, మరిపెడ